అడవి సరుకు మందుల కంపెనీకి పోతే ఊరికి రావాల్సిన వాటా: రాబట్టుకోవడం ఎలా

ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ, గూడూరు వైపు అడవుల నుంచి ఉసిరి, కరక్కాయ, తానికాయ, తిప్పతీగ, నేలవేము, తెల్లమద్ది బెరడు, తపసి బంక ఏటా మూటలకొద్దీ బయటికి పోతున్నాయి. గూడెంలో తూకం వేసి కిలోకు ఇంత అని చేతిలో పెట్టగానే లెక్క తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. ఆ సరుకుతో కంపెనీ వ్యాపారం చేస్తే వచ్చిన లాభంలో దాన్ని కాపాడిన ఊరికి, దాని గుణం తెలిపిన వైద్యుడికి వాటా ఉంది. చట్టంలో ఉన్న ఈ వాటా ఊరి ఖాతాలోకి రాకపోవడానికి పెద్ద కారణం ఒకటే: ఏ ఊరి నుంచి, ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎవరికి పోయిందో కాగితం మీద లేదు. వార్డు సభ్యులు, కమిటీ సభ్యులు, చదువుకున్న పిల్లలు ఎవరైనా చేయగలిగిన పనుల వరుస ఇది.

మొదటి పని: కమిటీ ఉందా, పనిచేస్తోందా?

ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అందరూ బీఎంసీ అంటారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలని చెప్పడంతో దేశమంతా హడావుడిగా కమిటీలు వేశారు, రిజిస్టర్లు రాశారు. అందుకే చాలా ఊళ్లలో కమిటీ కాగితం మీద ఉంటుంది, సభ్యుడికి తాను సభ్యుడినన్న సంగతే తెలియదు.

పంచాయతీ కార్యదర్శిని మూడు కాగితాలు అడగండి: కమిటీ వేసిన తీర్మానం, సభ్యుల జాబితా, జీవవైవిధ్య రిజిస్టర్ (ఊళ్లో దొరికే మొక్కలు, వాటి వాడుక రాసిపెట్టే పుస్తకం) నకలు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. 2023 సవరణ తర్వాత సభ్యులు 7కు తగ్గకూడదు, 11కు మించకూడదు. జాబితాలో అడవికి నిజంగా పోయే ఆడవాళ్లు, మూలికలు తెలిసిన వైద్యుడు, తేనె తీసేవాళ్లు ఉన్నారా చూడండి. లేకుంటే తర్వాతి పనులన్నీ గుడ్డిగా సాగుతాయి.

అదే వారంలో కమిటీ పేరిట స్థానిక జీవవైవిధ్య నిధికి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. చట్టంలోని 43వ సెక్షన్ చెప్పే నిధి ఇదే. ఇద్దరి సంతకాలు కలిస్తేనే డబ్బు తీసేలా పెట్టండి. ఖాతా లేని ఊరికి డబ్బు పంపమని ఎవరిని అడిగినా దారి ఉండదు.

వచ్చినవాళ్లు ఎవరో తేల్చుకోండి

సంచి, కెమెరా పట్టుకుని వచ్చిన ప్రతివాడూ ఒకటి కాదు, ఒక్కొక్కరికి ఒక్కో నిబంధన ఉంది.

విదేశీయులు, ప్రవాస భారతీయులు, విదేశీ సంస్థలు, విదేశీయుల నియంత్రణలో ఉన్న కంపెనీలు పరిశోధన కోసం వచ్చినా వ్యాపారం కోసం వచ్చినా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాగితం చూపించే దాకా ఆకు కూడా ఇవ్వకండి.

మన దేశపు కంపెనీ వ్యాపారం కోసం వస్తే హైదరాబాద్‌లోని తెలంగాణ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా సమాచారం ఇచ్చి ఉండాలి. "మేం ఇండియన్ కంపెనీ, మాకు వాటా కట్టే పనిలేదు" అని ఎవరైనా అంటే దివ్య ఫార్మసీ కేసు గుర్తుచేయండి. 2018 డిసెంబర్ 21న ఉత్తరాఖండ్ హైకోర్టు దేశీయ కంపెనీలు కూడా లాభం పంచుకోవాల్సిందేనని తీర్పు ఇచ్చింది.

విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మన దేశపు పరిశోధకులకు ఈ చట్టం కింద అనుమతి అక్కర్లేదు. కానీ ఫలితాలను విదేశాలకు ఇచ్చినా, పేటెంటుకు వెళ్లినా వ్యవహారం చెన్నైకి చేరాల్సిందే. వాళ్లను తరిమేయాల్సిన అవసరం లేదు. సంస్థ లెటర్‌హెడ్ మీద ఏం తీసుకెళ్తున్నారో, దేనికోసమో రాయించుకుని, సేకరించిన నమూనాల జాబితా మీద సంతకం పెట్టించుకుంటే చాలు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోనో కవ్వాల్ పులుల అభయారణ్యంలోనో సేకరిస్తామంటే వన్యప్రాణి విభాగం అనుమతి విడిగా ఉండాలి.

కంటికి ఆనని వాటి దగ్గర ఎక్కువ జాగ్రత్త పడండి. గుప్పెడు మట్టి, పుట్టమన్ను, కుళ్లిన కట్టె మీది బూజు కూడా చట్టం ప్రకారం జీవ వనరులే, ఎందుకంటే వాటిలో సూక్ష్మజీవులు ఉంటాయి. 1964లో పసిఫిక్ సముద్రంలోని రాపా నుయీ ద్వీపం నుంచి ఒక బృందం మట్టి తీసుకుపోయింది. అందులోని సూక్ష్మజీవి నుంచే రాపమైసిన్ పుట్టింది. మార్చిన మూత్రపిండాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందు అది. ఆ లాభంలో ద్వీపవాసులకు వాటా దక్కలేదు. "మట్టే కదా" అని వదిలేయకూడదు.

రిజిస్టర్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

ఉన్న రిజిస్టర్‌ను ముందు చదవండి. వేప, తులసి, మామిడి అని ఎక్కడైనా పెరిగే యాభై పేర్లు వరుసగా ఉంటే అది పక్క ఊరి రిజిస్టర్ చూసి రాసిందే. మీ ఊరికి పనికొచ్చే రిజిస్టర్‌లో ఒక్కో మొక్కకు ఈ వివరాలు ఉండాలి: ఊళ్లో పిలిచే పేరు (కోయ, గోండి, నాయకపోడు, లంబాడా పేర్లు వేరైతే అవి కూడా), శాస్త్రీయ నామం, దొరికే చోటు (గుట్ట, వాగు పేరుతో), వాడే భాగం, తెచ్చే నెలలు, ఏటా దాదాపు ఎంత వస్తుంది, పదేళ్ల కిందటితో పోలిస్తే పెరిగిందా తగ్గిందా.

శాస్త్రీయ నామం ఊహించి రాయకండి. నేలవేము అనే పేరుతో వేర్వేరు చోట్ల వేర్వేరు మొక్కలను పిలుస్తారు, పేరు తప్పితే తర్వాత కంపెనీ కాగితంతో మీ కాగితం కలవదు. పువ్వో కాయో ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి. మార్చకపోతే బూజు పడుతుంది, ఆకు నల్లబడుతుంది. ఎండిన కొమ్మలు మూడు తయారుచేయండి. ఒకటి పంచాయతీలో ఉంచి, ఒకటి కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట చూపించి పేరు రాయించుకుని, మూడోది పాఠశాలకు ఇవ్వండి.

ఇక వైద్యుడి జ్ఞానం. 2023 సవరణ తర్వాత ఆయుర్వేద గ్రంథాల్లో రాసి ఉన్న జ్ఞానానికి లాభాల పంపకం నుంచి మినహాయింపు వచ్చింది. ఉసిరి చలువ చేస్తుందని మీరు రాసుకున్నా దాని మీద ఊరికి హక్కేమీ రాదు. గ్రంథాల్లో లేనిదాని విలువే ఇప్పుడు పెరిగింది: ఏ రెండు వేర్లు కలిపి నూరుతారు, ఏ కార్తెలో తవ్వుతారు, ఏ జబ్బుకు ఎంత మోతాదు. దాన్ని రిజిస్టర్‌లో అందరికీ కనిపించే పేజీలో రాస్తే అడగకుండానే ఇచ్చేసినట్టు. అందుకని బహిరంగ పేజీలో "ఫలానా వైద్యుడికి పాముకాటు, పసిరికల వైద్యం తెలుసు" అనే వరకే రాయండి. వివరం వైద్యుడు చెప్పినట్టు విడి కాగితంలో రాసి, తేదీ వేసి, ఆయన సంతకమో వేలిముద్రో తీసుకుని, కవరులో సీలు వేసి ఆయన ఇంట్లోనే ఉంచండి. వివరం చెప్పనంటే ఆయన ఇష్టం, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు.

తూకం పుస్తకం

మిగతా పనులు కొంచెం ఆలస్యమైనా సర్దుకోవచ్చు. ఇది మాత్రం ఈ కాలం నుంచే మొదలుపెట్టాలి. కంపెనీ వాటా కట్టేటప్పుడు సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే ఆ డబ్బు ఏ ఊరిదని తేల్చలేరు. అడ్తిదారు పది ఊళ్ల సరుకు ఒకే గోదాములో పోసి బయటికి పంపుతాడు. అతని బిల్లులో మీ ఊరి పేరు ఉండదు, ఆ పేరు ఉండేది మీ పుస్తకంలోనే.

గీతలు కొట్టిన లాంగ్ నోట్‌బుక్కు ఒకటి చాలు. గడులు ఇవి: తేదీ, సరుకు, భాగం, పచ్చిదా ఎండుదా, కిలోలు, తెచ్చిన ఇంటి పేరు, ఎక్కడి నుంచి తెచ్చారు, కొన్నది ఎవరు, వాహనం నంబరు, కిలో ధర, ఇద్దరి సంతకాలు. గిరిజన సహకార సంస్థ డిపోకు అమ్మితే రసీదు నంబరు కూడా. రోజూ రాయడం కుదరకపోతే సంత రోజున ఒకరు కూర్చుని వారం లెక్క రాయండి.

ఎక్కువగా తప్పు జరిగేది పచ్చి-ఎండు గడిలో. ఊళ్లో తిప్పతీగ పచ్చిగా తూస్తారు, కంపెనీ బిల్లులో ఎండు బరువు ఉంటుంది. రెండూ పొంతన లేక మీ పుస్తకమే తప్పని కొట్టేస్తారు. ప్రతి సరుకుకూ ఒకసారి పరీక్ష చేయండి: 10 కిలోల పచ్చిది తూచి, నీడలో ఆరబెట్టి, రెండు రోజులు వరుసగా తూచినా బరువు మారని దశలో ఎన్ని కిలోలు మిగిలిందో పుస్తకం మొదటి పేజీలో రాయండి. వానాకాలంలో, ఎండాకాలంలో విడివిడిగా చేయాలి, తేడా వస్తుంది.

తరుగు పేరుతో కోసిన కిలోలను కూడా విడి గడిలో రాయండి. తరుగు తీసేసిన బరువే రాస్తే మీ అడవి నుంచి నిజంగా పోయిన సరుకు తక్కువగా కనిపిస్తుంది.

ఊరి సమ్మతి

ఒక కంపెనీ నేరుగా మీ దగ్గరికి వచ్చినా, మీ సరుకు గురించి మండలి నుంచి అభిప్రాయం అడుగుతూ లేఖ వచ్చినా గ్రామ సభ పెట్టండి. జీవ వనరుల మీద నిర్ణయం తీసుకునేటప్పుడు ప్రాధికార సంస్థ, రాష్ట్ర మండలి స్థానిక కమిటీని సంప్రదించాలని 41వ సెక్షన్ చెబుతోంది. ఆ లేఖకు జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే ఊరి మాట ఫైలులో ఉండదు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఊరికి ఇంకా బలం ఉంది. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామ సభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) కింద జీవవైవిధ్యాన్ని వాడుకునే హక్కు, సంప్రదాయ జ్ఞానం మీద సముదాయపు మేధో హక్కు కూడా ఇచ్చింది. పోడు పట్టా తీసుకున్న చాలా గూడేలు సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టలేదు. అది పెట్టండి. పంచాయతీలో నాలుగైదు గూడేలుంటే సరుకు తెచ్చే గూడెం సభ తీర్మానమే ముందు కావాలి, పంచాయతీ తీర్మానం దాని వెనక జతపరచాలి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభకు సగం మంది హాజరు కావాలి, అందులో కనీసం మూడో వంతు ఆడవాళ్లు.

సభ ఒక్కసారితో ముగించకండి. మొదటి సభలో కంపెనీవాళ్లు చెప్పింది తెలుగులో, అవసరమైతే కోయ, గోండిలో చదివి వినిపించి, రెండు వారాల తర్వాత రెండో సభలో తేల్చండి. భోజనాలు పెట్టి అదే రోజు సంతకాలు అడిగేవాళ్లకు మరో తేదీ చెప్పండి.

కేరళలోని కాణి గిరిజనుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆరోగ్యపచ్చ మొక్క గురించి వాళ్లు చెప్పిన మాట ఆధారంగా తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ 'జీవని' అనే మందు తయారుచేసింది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చి, 10 లక్షల రుసుములోనూ 2 శాతం రాయల్టీలోనూ సగం కాణిలకు కేటాయించింది. దాన్ని అందుకునే ట్రస్టు 1997లో గానీ ఏర్పడలేదు. జ్ఞానం చెప్పింది కొందరే కావడంతో మిగతా కాణి ఊళ్లలో మమ్మల్ని అడగలేదన్న మాట వచ్చింది. ఆకు సేకరణకు అటవీ శాఖ అడ్డు చెప్పడంతో సరఫరా కూడా కుంటుపడింది. అడిగే క్రమం, డబ్బు చేరే ఖాతా, సేకరణ అనుమతి ఈ మూడూ సంతకానికి ముందే తేలాలి.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి

మొక్క శాస్త్రీయ నామం, భాగం, ఏడాదికి గరిష్ఠ పరిమాణం, కోసే పద్ధతి, కాల పరిమితి ముందు రాయించండి. "మూలికలు, ఇతర ఉత్పత్తులు" అని గుండుగుత్తగా రాసిన ఒప్పందం అడవి మొత్తానికి తాళం చెవి ఇచ్చినట్టే.

వాటాను నికర లాభం మీద ఒప్పుకోకండి. ప్రచారం, జీతాలు, వడ్డీలు తీసేస్తే నికర లాభాన్ని సున్నాగా చూపించడం తేలిక. పన్నులు పోను ఫ్యాక్టరీ గేటు దగ్గరి స్థూల అమ్మకం మీద శాతం అడగండి, చట్టం కింది నిబంధనలు వాడే కొలమానం కూడా అదే. సరుకును, నమూనాను, జన్యు సమాచారాన్ని మూడో వ్యక్తికి ఇవ్వాలంటే ఊరికి తెలియాలి, ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి అన్న వాక్యం ఉండాలి. ఏటా కొన్న పరిమాణం, అమ్మకాల లెక్క పంపాలి. డబ్బు నిధి ఖాతాలోకే రావాలి, ఏ నాయకుడి చేతికీ కాదు. తెలుగు ప్రతి, ఇంగ్లిష్ ప్రతి రెండిటి మీదా సంతకాలు ఉండాలి.

డబ్బు ఎంత వస్తుంది?

2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం వార్షిక టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. 5 నుంచి 50 కోట్ల దాకా ఆ స్థూల అమ్మకం మీద 0.2 శాతం, 50 నుంచి 250 కోట్ల దాకా 0.4 శాతం, ఆపైన 0.6 శాతం. ఎర్రచందనం, శ్రీగంధం లాంటి ఖరీదైన వాటికి అమ్మకం విలువలో కనీసం 5 శాతం.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 40 కోట్ల సరుకు అమ్మే కంపెనీ 8 లక్షలు కట్టాలి. ఆ ఏడాది అది కొన్న 100 టన్నుల్లో మీ పంచాయతీది 4 టన్నులని పుస్తకం చెబుతోంది. అదే నిష్పత్తిలో పంచితే, పాలనా ఖర్చు తీయకముందు 32 వేలు. మన రాష్ట్రంలోనే అమరచింతలో జరిగింది ఇంకా చిన్నది: 2,000 కిలోల వేపాకు జపాన్‌కు పంపిన హైదరాబాద్ కంపెనీ 55,035 రూపాయలు కట్టింది, అందులో 17,520 అమరచింత కమిటీకి చేరాయి, వేప మొక్కలు నాటే పనికి. లక్షలు ఊహించుకుని ఎవరికీ మాట ఇవ్వకండి.

మరి వరంగల్ చుట్టుపక్కల కొనే చిన్న వ్యాపారి, చిన్న తయారీదారు చాలావరకు 5 కోట్ల లోపే కదా? వాళ్ల దగ్గర పనికొచ్చేది 41(3) సెక్షన్. తన పరిధిలో వ్యాపారం కోసం జీవ వనరులు సేకరించేవాళ్ల దగ్గర కమిటీ సేకరణ రుసుము వసూలు చేయవచ్చు. సరుకువారీగా కిలోకు ఇంత అని గ్రామ సభలో తీర్మానించి, బోర్డు మీద రాసి, రసీదు పుస్తకం అచ్చువేయించండి. రుసుము కొనేవాడి మీద వేయాలి, అడవి నుంచి తెచ్చుకునే ఇంటి మీద కాదు. స్థానికులకు, తమ వైద్యం తాము చేసుకునే నాటు వైద్యులకు చట్టంలోనే మినహాయింపు ఉంది. మరీ ఎక్కువ పెడితే వ్యాపారి పక్క పంచాయతీకి పోతాడు, అందుకే నాలుగైదు పంచాయతీలు ఒకే రేటు పెట్టుకోవడం మేలు.

రోజువారీ వ్యాపార సరుకుగా కేంద్రం నోటిఫై చేసిన జాబితాలోని వాటిని సరుకుగానే అమ్మితే వాటా వర్తించదు. రుసుము పెట్టే ముందు ఆ జాబితాలో మీ సరుకు ఉందేమో చూడండి.

మూల ధ్రువీకరణ పత్రం మీద సంతకం

సాగు చేసిన ఔషధ మొక్కలకు 2023 సవరణ మినహాయింపు ఇచ్చింది. సాగుదేనని ధ్రువీకరించాల్సింది మీ కమిటీ. ఇక్కడే మోసానికి సందు ఉంది: అడవిలో కోసిన నేలవేమును పొలంలో పండించినట్టు రాయించుకుంటే కంపెనీ వాటా తప్పించుకోవచ్చు. అడిగినవాళ్ల పట్టాదారు పాసుపుస్తకం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాటిన నెల తీసుకుని, పంట నిలబడి ఉన్నప్పుడే పొలం చూసి ఫొటో తీయండి. కోత అయిపోయాక వచ్చి అడిగితే ఇవ్వకండి. ఎకరం పొలానికి లారీ సరుకు రాసుకొస్తే సంతకం చేసినవాళ్లే రేపు జవాబు చెప్పాలి.

అడవి మిగిలేలా కోయడం

నిధిలోని డబ్బు ఖర్చయ్యేది ముందు దీనికే. మద్ది బెరడు చుట్టూతా ఒలిస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు ఎండిపోతుంది. నిలువు పట్టీలుగా, ఒక పక్కనే, పైపొర మాత్రమే తీసి, మానేదాకా ఆ చెట్టును వదలాలి. తిప్పతీగను నేల నుంచి జానెడు పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఉసిరి కోసం కొమ్మలు నరకడం, ఇప్పపువ్వు కోసం చెట్టు కింద నిప్పు పెట్టడం మానాలి, ఆ మంటకు కింద మొలిచిన పిల్ల మొక్కలన్నీ పోతాయి. తపసి చెట్టుకు లోతుగా గాటు పెడితే ఒకటి రెండేళ్లు బంక ఎక్కువొచ్చి చెట్టు చస్తుంది. ఈ నియమాలు ఒప్పందంలో కూడా రాయాలి, లేకుంటే కంపెనీ ఏజెంటు తొందరపెట్టినట్టు కోత సాగుతుంది.

పొలంలోని విత్తనం సంగతి

నాటు వరి, జొన్న, మిరప విత్తనాలకు దారి వేరు. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు రకంగా నమోదు చేయించుకుంటే, దాన్ని వాడి కొత్త రకం తయారుచేసిన కంపెనీ నుంచి వాటా కోరవచ్చు. వరంగల్ చపాట మిర్చికి వచ్చిన భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, విత్తనాన్ని కాదు. రెండూ విడివిడిగా చేయించుకోవాలి.

ఎవరైనా దాటిపోతే

అనుమతి లేకుండా సరుకు పోతోందని తెలిస్తే అదే రోజు వాహనం ఫొటో, తేదీ, తూకం పుస్తకం పేజీ నకలు, సాక్షుల పేర్లు పెట్టి రాష్ట్ర జీవవైవిధ్య మండలి సభ్య కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. నకలు జిల్లా అటవీ అధికారికి, కలెక్టర్‌కు, షెడ్యూల్డ్ ప్రాంతమైతే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి. సవరణ తర్వాత జైలు శిక్ష పోయి జరిమానా మిగిలింది, లక్ష నుంచి 50 లక్షల దాకా. వాహనాన్ని మీరే ఆపి గొడవ పడకండి, కేసు మీ మీదికి తిరుగుతుంది. పోస్టు రసీదును ఫిర్యాదు నకలుకు గుచ్చి కమిటీ ఫైలులో పెట్టండి. నెలలో జవాబు రాకుంటే సమాచార హక్కు కింద ఫిర్యాదు మీద తీసుకున్న చర్య అడగండి. నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు. అప్పీలుకు గడువు ఉంటుంది కాబట్టి ఉత్తర్వు అందిన తేదీని కవరు మీదే రాసి దాచండి.